తోడల్లుడి చమురు లెక్క

సముద్ర పరిశోధన కేంద్రంలో ఆయన్ని అందరూ తూకం మాస్టారు అనేవాళ్లు. నీళ్ల మీద చమురు తెట్టు కడితే, విమానంలోంచి తీసిన ఫొటోల్లో దాని రంగు చూసి, మందం ఎంతో, మొత్తం ఎంతో అంచనా కట్టడంలో ఆయనది అందె వేసిన చేయి. ఆయన మాటకు తిరుగుండేది కాదు, మరదలి మొగుడు అదే కేంద్రంలో ఉద్యోగానికి చేరేదాకా.

ఆ తోడల్లుడు నవ్వుమొహం మనిషి. "చిన్నల్లుడు భలే చలాకీ" అని అత్తగారు ఎప్పుడో అన్న మాట మాస్టారికి ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

ఒకసారి తీరానికి దూరంగా, సముద్రం అడుగున చమురు బావి పగిలింది. మాస్టారు ఫొటోలు చూసి, "కంగారు పడాల్సినంతేం లేదు" అన్నారు. అప్పుడు తోడల్లుడు అడుగుకి దించిన కెమెరా తీసిన వీడియో తెచ్చాడు. గొట్టంలోంచి ఎగదన్నుతున్న సుడుల వేగం కొలిచాడట.

"అన్నయ్యా, మీరు లెక్కగట్టింది పైకి తేలినదే. చాలావరకు అసలు తేలట్లేదు. సన్నటి బొట్లుగా విడిపోయి లోతులోనే మబ్బులా పాకుతోంది. నా అంచనా మీ దానికి పదింతలు."

డైరెక్టరుగారి కుర్చీ తోడల్లుడి వైపు తిరిగింది. మాస్టారికి ఒళ్లు భగ్గుమంది.

ఇంటికెళ్తే భార్య, "చెల్లి ఫోన్ చేసిందండీ. వాళ్లాయన్ని టీవీకి పిలిచారట!" అంది.

"ఇంకేం, ఇక వాడు నేలమీద నడవడు" అన్నారు మాస్టారు కంచంలో అన్నం కెలుకుతూ.

తప్పు పట్టాలనే పట్టుదలతో ఆ వీడియో తిప్పితిప్పి చూశారు. దొరికింది! ఎగదన్నేదంతా చమురు కాదు, అందులో గ్యాస్ కూడా ఉంది. తోడల్లుడు రెండూ కలిపి చమురు కింద రాసేశాడు. అప్పుడే ఫోన్ చేసి చెప్పొచ్చు. చెప్పలేదు. మత్స్యశాఖ అధికారులందరూ కూర్చున్న మీటింగులో లేచి, "బాబూ, నీ చమురులో సగం గాలే!" అన్నారు. అందరూ గొల్లున నవ్వారు.

తోడల్లుడి మొహం కందిపోయింది. వీడియో మళ్లీ చూసి, "నిజమే. మీరు పట్టకపోతే టీవీలో నవ్వులపాలయ్యేవాణ్ణి, అన్నయ్యా" అని బోర్డు దగ్గరకెళ్లి మళ్లీ లెక్క కట్టాడు. గ్యాస్ తీసేసినా మాస్టారి అంచనాకి అయిదింతలు తేలింది.

నవ్వులు ఆగిపోయాయి. అధికారులు లోతు నీళ్లలోనూ చేపల వేట ఆపించారు. ఇద్దర్నీ పడవలో పంపారు. అడుగునుంచి తోడిన నీళ్ల సీసా మూత తీయగానే చమురు కంపు గుప్పుమంది. కెమెరాలో పగడాలు గోధుమరంగు జిగురు కప్పుకుని కనిపించాయి. మాస్టారికి వాటిని చూసి బాధేసింది. కానీ వాడి మాటే నిజమైందన్న బాధ అంతకంటే ఎక్కువగా ఉంది.

నివేదికలో తోడల్లుడి పేరు ముందు, మాస్టారి పేరు తర్వాత వచ్చాయి. వారం తిరక్కుండానే మాస్టారు వాడి గదికెళ్లి కుర్చీ లాక్కున్నారు.

"ఆ సుడులు కొలిచే పద్ధతేదో నాకూ చూపించు."

"మీకా అన్నయ్యా! సంతోషంగా!"

"సంతోషం తర్వాత పడుదువుగాని. నేర్చుకున్నాక నీకంటే బాగా కొలుస్తాను, చూస్తూ ఉండు."