అమ్మింది ఆయన, కొన్నది ఆమె

2023 డిసెంబర్. బేతంచెర్ల స్టేషన్ రోడ్డులో నాకొక చిన్న గది ఉంది. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లకు లెక్కలు రాయడం, పన్ను రిటర్నులు వేయడం నా పని. చదివింది ఇంటరే. మిగతాదంతా అవసరం కొద్దీ సొంతంగా నేర్చుకున్నాను.

ఆ నెలలో ఒక మధ్యాహ్నం సుజాత, ఆమె భర్త రమేశ్ వచ్చారు. రమేశ్ ఒకప్పుడు మంగంపేట ముగ్గురాయి గనుల్లో మెకానిక్. ఇప్పుడు ఉంటున్న కెనడాలోనూ గనుల్లోనే పని. సుజాతకూ అక్కడే ఉద్యోగం. సెలవు మీద వచ్చారు.

సుజాత అక్క మా ఊళ్లో పాలిషింగ్ యూనిట్ నడుపుతోంది. పాత మిషన్ మాటిమాటికీ ఆగిపోయి ఆర్డర్లు చేజారుతుంటే, వీళ్లు కొత్తదానికి అడ్వాన్సు ఇచ్చారు. అందుకోసం ఆ ఏడాదే రమేశ్ అక్కడ తన ఖాతాలోని కొన్ని షేర్లు లాభానికి అమ్మాడు. మిగతా సొమ్ము వేసవిలో కట్టాలి. కట్టకపోతే అడ్వాన్సు పోతుంది, మిషన్ మరొకరికి పోతుంది. ఆ కాగితాలు చూపించడానికే నా దగ్గరికి వచ్చారు.

షేర్ల లాభం మీద అక్కడ పన్ను పడదా అని అడిగాను. రమేశ్ నవ్వాడు. డిసెంబర్ మొదట్లో ఒక రాగి గనుల కంపెనీ షేర్లను నష్టానికి అమ్మేశాడట. ఏడాది చివర ఇలా అమ్మి, ఆ నష్టాన్ని లాభంలోంచి తీసేసుకోవడాన్ని టాక్స్ లాస్ సెల్లింగ్ అంటారు. మన దగ్గర ఆ హడావుడి మార్చిలో ఉంటుంది. అక్కడ పన్ను సంవత్సరం డిసెంబర్‌తో ముగుస్తుంది.

“మంచి షేరు గదన్నా, పోగొట్టుకుంటామా? మర్సనాడే ఈమె తన ఖాతాలో అన్నీ కొనేసింది,” అన్నాడు.

సుజాత పుట్టింటివాళ్లు వ్యాపారస్తులు. ఒకరి పేరున కొట్టో స్థలమో అమ్మాల్సి వస్తే, ఇంట్లోనే మరొకరి పేరున కొనిపెట్టుకోవడం వాళ్లకు అలవాటు. షేర్లలోనూ అలా చేసేవాళ్లను నేను ఇక్కడ చూశాను. కెనడా చట్టం మాత్రం నాకు తెలియదు. ఆ మాటే చెప్పి, మొగుడూ పెళ్లాలను ఆ దేశం ఒకటిగా చూస్తుందో వేరుగా చూస్తుందో అక్కడి ఆడిటర్‌ను అడగమన్నాను. ఖాతాలు రెండు, పేర్లు రెండు, ఇంక అడిగేదేముంది అని రమేశ్ కొట్టిపారేశాడు.

సుజాత అడిగింది. మర్నాడు ఇద్దరూ మళ్లీ వచ్చారు. దాన్ని అక్కడ సూపర్‌ఫిషియల్ లాస్ అంటారట, అంటే పైపై నష్టం. అమ్మకానికి ముందు ముప్పై రోజుల్లోగానీ, తర్వాత ముప్పై రోజుల్లోగానీ అమ్మినవాడో అతని భార్యో అదే షేరు కొని, అమ్మిన తర్వాతి ముప్పై రోజుల గడువు ముగిసేనాటికీ ఉంచుకుంటే, ఆ నష్టం అప్పటికి చెల్లదు. చెల్లకపోతే మిషన్‌కు దాచిన సొమ్ములో చాలా భాగం ఏప్రిల్‌లో పన్నుకు పోతుంది. గడువు ఇంకా కొన్ని రోజులుంది. ఆలోగా సుజాత తన షేర్లు అమ్మేయాలి.

అవి అప్పటికే పెరిగాయి. రమేశ్‌కు మనసు ఒప్పలేదు. “పెరిగే షేరు అమ్ముకుంటే జనం నగుతారు మే,” అన్నాడు.

“నగనీలే. మా యక్క మిషన్ నిలబడిపోతే నువ్వొచ్చి చేత్తో రుద్దుతావా బండలు?”

“పోనీ, సగం పెట్టుకుందాం.”

“అదీ అడిగినా. ఎన్ని పెట్టుకుంటే అన్నింటి నష్టం చెల్లదంట.”

ఆ జవాబుతో నాకు ఆమె మీద గౌరవం కలిగింది. భర్త ఏం బేరమాడతాడో ముందే ఊహించి, దానికీ సమాధానం తెలుసుకుని వచ్చింది. ఇష్టపడి తన ఖాతాలో ఆ షేర్లు కొన్నదీ ఆమే. అక్కడి మార్కెట్ తెరవగానే ఒక్కటీ మిగల్చకుండా అమ్మేసింది. చేతికొచ్చిన సొమ్ముతో అదే రాగి వ్యాపారంలో ఉన్న వేరే కంపెనీ షేర్లు కొంది. కంపెనీ వేరు కాబట్టి దానికి అడ్డు లేదు.

రమేశ్ నష్టం చెల్లింది. వేసవిలో మిగతా సొమ్ము కట్టారు, మిషన్ దిగింది. వదిలేసిన షేరు మాత్రం కొత్తగా కొన్నదానికంటే బాగా పెరిగింది. రమేశ్ ఫోన్ చేసినప్పుడల్లా నాకు ఆ ధర చెబుతాడు. ఆమెకు చెప్పబోతే వినదట.

నష్టానికి అమ్మలేక ఏళ్ల తరబడి పట్టుకు కూర్చున్నవాళ్లను చాలామందిని చూశాను. పెరుగుతున్నదాన్ని ఇంత శాంతంగా వదిలిన మనిషిని ఆమెనే చూశాను. ఇప్పుడు మార్చిలో ఎవరైనా నష్టానికి అమ్ముతామని వస్తే, ధర అడగడానికి ముందే, దేనికోసం అమ్ముతున్నారని అడుగుతాను.