నూట పదమూడో అంశం

ఇరవయ్యారేళ్ల పాటు వస్తువుల్లో తప్పులు పట్టి జీతం తీసుకున్న మనిషి ఆయన. జీతం లేకుండా పట్టిన తప్పులు వేరే. వాటికి సాక్షి ఆయన భార్య.

నీటి పంపుల ఫ్యాక్టరీలో తనిఖీ విభాగమంటే కిటికీ పక్కన ఒక బల్ల, ఒక కొలబద్ద, ఒక సుద్దముక్కల పెట్టె, మూడు ట్రేలు. బాగున్న వాల్వు ఆకుపచ్చ ట్రేలోకి, పనికిరానిది ఎర్ర ట్రేలోకి. మూడోది పసుపు. బాగుచేసి మళ్లీ చూపించాల్సినవి అందులో వేయాలని నియమం. ఆయనకి ఆ మధ్యేమార్గం మీద నమ్మకం లేదు. వస్తువన్నాక బాగుండాలి, లేకపోతే బాగోకూడదు. కాబట్టి ఉద్యోగం చేసినన్నాళ్లూ పసుపు ట్రేలో తన టిఫిన్ డబ్బా పెట్టుకున్నాడు.

లోపం కనపడ్డ చోటల్లా సుద్దతో సున్నా చుట్టేవాడు గనక ఫ్యాక్టరీ ఆయనకి సున్నాగారు అని పేరు పెట్టింది. రిటైరైన రోజు మేనేజరు కూడా సభలో నోరు జారి అదే పేరుతో పిలిచాడు. బహుమతిగా ఇచ్చిన గోడగడియారం రెండు నిమిషాలు వెనకబడి ఉందని చూసుకుంటున్న ఆయన ఆ మాట వినిపించుకోలేదు.

సున్నాగారి జీవితంలో కోరిక ఒక్కటే. రాయీ రప్పా వాగూ వంకా అనే భేదం పాటించని పాతకాలపు జీపొకటి కొనుక్కోవాలి. కొత్త పెయింటు కొట్టి మోసగించింది కాకుండా, పనితెలిసినవాడు ఓపిగ్గా ప్రతి మరా విప్పి బాగుచేసింది కావాలి. దానికోసం ఇంటి పక్కన షెడ్డు వేయించాడు. నేల సిమెంటు చేయించి, నాలుగు చక్రాలూ ఎక్కడెక్కడ నిలబడాలో తెల్లగీతలు గీశాడు. ఆరేళ్లయింది. ఆ గీతల మధ్య ఇంతవరకూ నిలబడింది ఆయనొక్కడే. ఫొటోల్లోనూ ఫోన్లలోనూ పరీక్షించి పదకొండు జీపులను తిరస్కరించాడు. కోడిగుడ్డు మీద ఈకలు పీకడం ఒక విద్య అయితే అందులో ఆయన పట్టభద్రుడు. ఈ మాట ఎవరో ఆయన్ని అన్నది కాదు, తన గురించి తానే చెప్పుకునేది.

భార్య పద్నాలుగేళ్లు స్కూలు వ్యాను నడిపింది. స్కూలు వాళ్లు పెద్ద బస్సులు కొనుక్కున్నాక స్నేహితురాలితో కలిసి హాల్లోనే బట్టలు కుట్టడం మొదలుపెట్టింది. రెండు మిషన్లు, మధ్యలో సోఫా. జీవితంలో ఒకే ఒక్కసారి తనిఖీ చేయకుండా కూర్చున్న సున్నాగారు, ఆ సోఫాలోనే ఒక సూదిని కనిపెట్టాడు. ఆ రోజే ఆమె తేల్చి చెప్పేసింది.

"ఇదిగో, చివరిసారి చెప్తున్నా. ఈ పన్నెండోదాన్ని తెచ్చుకున్నారా, షెడ్డు మీది. ఉత్త చేతులతో వచ్చారా, మర్నాడే మిషన్లు అందులో దించేస్తా. గాలికి అద్దె కట్టించుకోకుండా షెడ్డు ఇచ్చింది మనమొక్కళ్లమే."

పన్నెండోది ఆరు వందల కిలోమీటర్ల దూరంలో ఉంది. బస్సు డిపోలో పనిచేసి మానేసిన ఒక మేస్త్రీ నాలుగేళ్లు కూర్చుని దాన్ని బాగుచేశాడు. మూడు వారాలు వీడియో కాల్‌లో విచారణ సాగింది. నూట పన్నెండు అంశాల జాబితా తయారైంది. సున్నాగారు 'ఫోను ఇంకాస్త కిందికి, ఇంకాస్త ఎడమకి' అంటుంటే, అవతల మేస్త్రీ తలకిందులుగా వేలాడుతూ కనిపించేవాడు. ఆ మూడు వారాల్లో భార్య అడిగిన ప్రశ్న ఒక్కటే. వెనకనించి తొంగిచూసి, "అన్నయ్యగారూ, దీనికి రివర్స్ గేరు ఎటు పడుద్ది?" అంది.

"ఎడమకి లాగి పైకి, చెల్లెమ్మా."

సున్నాగారు నవ్వాడు. నూట పన్నెండు శాస్త్రీయమైన అంశాలుండగా ఆడవాళ్లకి రివర్స్ గేరు కావాలి! నవ్వడంలో పడి గమనించనిది ఏమిటంటే, ఆ ఒక్క పిలుపుతో తన హోదా 'సార్' నించి 'బావగారు'కి పడిపోయింది. సారుని వేళాకోళం చేయడానికి ధైర్యం కావాలి. బావని చేయడానికి తీరిక చాలు.

ఫ్యాక్టరీ నాటి టిఫిన్ డబ్బా పట్టుకుని, రాత్రి రైలెక్కి ఇద్దరూ వెళ్లారు. నువ్వెందుకని ఆయన అడిగాడు. "బండి కింద పడుకుంటారుగా. లేపేదెవరు?" అందామె.

మేస్త్రీ షెడ్డు పెట్రోలు బంకు వెనకాల ఉంది. గోడ మీద ప్రతి పనిముట్టుకీ దాని ఆకారంలోనే నల్లరంగు నీడ గీసి ఉంది, తీసిన వస్తువు ఎక్కడ పెట్టాలో వెతుక్కోకుండా. అది చూసేసరికే సున్నాగారు ఒక రెంచి తీసి, మళ్లీ దాని నీడలోనే పెట్టి చూశాడు. ఇక మేస్త్రీ పరదా లాగగానే, ఎండుటాకు రంగులో, గుండ్రటి రెండు కళ్లతో నిలబడ్డ జీపుని చూసి చెయ్యెత్తి దండం పెట్టబోయాడు. తనిఖీ అధికారికి తగని ఆ పనికి సిగ్గుపడి, వెంటనే జేబులోంచి అయస్కాంతం తీశాడు.

ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు. చల్లగా ఉంది. అంటే తను వచ్చేముందు రహస్యంగా ఇంజను వేడిచేసి పెట్టలేదు. టిక్కు. అయస్కాంతాన్ని చేతిరుమాలులో చుట్టి ఒళ్లంతా తిప్పాడు. లోపల రేకున్న చోట అతుక్కుంటుంది, లప్పం పూసి మభ్యపెట్టిన చోట జారిపోతుంది. అన్నిచోట్లా అతుక్కుంది. ఎడమ మడ్‌గార్డు మీద మాత్రం రూపాయంత మేర జారింది. సున్నాగారి ముఖం వెలిగింది. సుద్దముక్క తీసి నిండుగా ఒక సున్నా చుట్టాడు.

"అక్కడ తుప్పుకి బొక్క పడితే సీసం కరిగించి పూడ్చాను, బావగారూ," అన్నాడు మేస్త్రీ. "లప్పమైతే రెండేళ్లకి పెచ్చులూడుద్ది. సీసానికి అయస్కాంతం అంటదు. తవరికి తెలిసే ఉంటుంది."

తవరికి తెలియదు. అయినా గంభీరంగా తలూపి, సున్నాని చేతిరుమాలుతో తుడిచాడు.

తర్వాత గోనెసంచి పరుచుకుని జీపు కిందికి దూరాడు. బండి బరువు మోసే కమాను కట్టలు చూశాడు, చాసిస్ మీద సుత్తిదెబ్బలు పడ్డాయేమోనని టార్చి వేశాడు. గేరుపెట్టె అడుగున ఒక నూనెబొట్టు వేలాడుతోంది. ఆశగా దాని చుట్టూ సున్నా గీశాడు. అంతలో నడుము పట్టేసింది. తప్పులు వెతకడానికి వెళ్లినవాడు, తనే ఒక విరిగిన విడిభాగంలా కింద పడి ఉన్నాడు. పరువు కోసం మాట్లాడకుండా ఊరుకున్నాడు. పైన మాటలు వినిపిస్తున్నాయి.

"ఎంతసేపుంటారు చెల్లెమ్మా కింద?"

"తప్పు దొరికితే పది నిమిషాల్లో వచ్చేస్తారన్నయ్యా, సంతోషంగా. దొరక్కపోతే సాయంత్రం దాకా."

"ఇంట్లో కూడా ఇంతేనా?"

"మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు, తలుపు గడియ సరిగ్గా పడట్లేదని మా నాన్నతో అన్నారు."

"మరి నిన్ను చూసి ఏమన్నారు?"

"నన్నా? ఏమీ అనలేదు." మళ్లీ తనే, "ఇంతవరకూ ఏమీ అనలేదు," అంది. నవ్వుతూనే అంది.

జీపు కింద సున్నాగారు నూనెబొట్టు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ రోజు ఏమనుకున్నాడో ఆయనకి బాగా గుర్తుంది. బాగున్నదాన్ని బాగుందని పైకి చెప్పే అలవాటు తనిఖీ విభాగంలో లేదు. ఆకుపచ్చ ట్రేలో వేయడమే, చెప్పేదేముంది అనుకున్నాడు. ముప్పై రెండేళ్లుగా అలాగే అనుకుంటున్నాడు.

బొట్టు రాలి ముక్కు మీద పడింది.

"కాస్త లేపండి," అన్నాడు.

ఇద్దరూ చెరో కాలూ పట్టుకుని గోనెసంచితో సహా బయటికి లాగారు. సున్నాగారు బట్టలు దులుపుకుని, జాబితా విప్పి, తీర్పు చదివే గొంతు సవరించుకున్నాడు. నూట పన్నెండింటిలో నూట పదకొండు బాగున్నాయి. నూనె ఒక్కటే.

"పనిచేసేవాడికి చెమట పట్టుద్ది, బావగారూ," అన్నాడు మేస్త్రీ.

భార్య ఆయన్నే చూస్తోంది. కుట్టుమిషన్లు కూడా ఎక్కడినుంచో చూస్తున్నట్టే అనిపించింది ఆయనకి. ఆరేళ్లుగా వాడని మాట కనక గొంతులో కొంచెం తుప్పు పట్టింది. "తీసుకుంటాను," అన్నాడు చివరికి.

"ఆగండాగండి. నేనిస్తానని ఎప్పుడన్నాను?"

సున్నాగారు జాబితా మడతపెట్టడం ఆపాడు.

"నా బండిని మీరు చూశారు. ఇప్పుడు మిమ్మల్ని నేను చూడొద్దూ?" మేస్త్రీ షెడ్డు వెనకకి చెయ్యి చూపించాడు. మట్టిదారి ఒకటి ఏటవాలుగా నీళ్ల ట్యాంకు దాకా ఎక్కుతోంది. "రెండో గేరులో మొదలెట్టి, సగం దారిలో ఆపకుండా ఒకటో గేరులోకి రావాలి. పళ్లు కొరికిన చప్పుడు రాకూడదు. ఇంతకుముందు ఇద్దరు వచ్చారు, ఇద్దర్నీ వెనక్కి పంపాను. నాలుగేళ్లు కట్టిన గేరుపెట్టెని నాలుగు నెలల్లో పళ్లూడగొట్టేవాడి చేతిలో పెట్టను. అది నా పద్ధతి."

ఇన్నేళ్లలో సున్నాగారిని ఎవరూ తనిఖీ చేయలేదు. ఆయన కంగారుపడలేదు. పాత గేర్లకి క్లచ్ రెండుసార్లు ఎందుకు తొక్కాలో, మధ్యలో న్యూట్రల్‌లో ఇంజను వేగం ఎందుకు పెంచాలో పది నిమిషాల పాటు వివరించాడు. ఒక్క తప్పు లేదు. ఇంట్లో ఆయన నడిపేది గేర్లు లేని కారు. ఆ సంగతి మాత్రం ఉపన్యాసంలోకి రాలేదు.

తర్వాత ఎక్కాడు. ఎక్కడానికే రెండుసార్లు ప్రయత్నించాడు. సగం దారి దాకా జీపు బుద్ధిగా వెళ్లింది. అక్కడ ఆయన క్లచ్ తొక్కి, వదిలి, మళ్లీ తొక్కి, తొక్కాల్సింది ఏదో మరిచిపోయి మూడోదేదో తొక్కాడు. ఇనప రోట్లో గులకరాళ్లు వేసి దంచినట్టు చప్పుడైంది. ఇంజను ఆగిపోయింది. జీపు ఆయన్ని ఎక్కించుకున్న తప్పు దిద్దుకోవడానికన్నట్టు మెల్లగా వెనక్కి దిగి వచ్చి, మేస్త్రీ కాళ్ల ముందు నిలబడింది.

"గేరు లివరు కొంచెం బిగుతుగా..." అని సున్నాగారు మొదలుపెట్టాడు.

"ఆడలేనమ్మ మద్దెల ఓడందిట," అంది భార్య.

మేస్త్రీ మాత్రం నవ్వలేదు. అదే బాధాకరం. "దిగండి బావగారూ," అన్నాడు, మంచి పనిముట్టు విరిగిందని చెప్పేవాడిలా మెత్తగా.

నూట పన్నెండు అంశాలు రాసుకొచ్చిన మనిషికి నూట పదమూడోది తట్టలేదు. బండి బాగుందా అని చూశాడు కానీ, బండికి తను బాగున్నాడా అని చూడలేదు. గురివింద గింజకి కూడా పాపం ఇంత పొడుగు జాబితా ఉండి ఉండదు. షెడ్డులోని తెల్లగీతలు గుర్తొచ్చాయి. వాటి మీద మిషన్లు సరిగ్గా పడతాయి, కొలతలు కూడా కుదురుతాయి అనుకుంటూ దిగాడు.

ఆయన పూర్తిగా దిగకముందే భార్య అటుపక్కనించి ఎక్కేసింది. చెప్పులు విప్పి కింద పెట్టింది, సీటు ముందుకి జరుపుకుంది, లివరు ఎడమకి లాగి పైకి ఒకసారి వేసి చూసింది. స్కూలు వ్యాను గేర్లు బతిమాలితే గానీ పడేవి కావు. పద్నాలుగేళ్లు, రోజుకి నాలుగు ట్రిప్పులు, వెనకాల ఇరవైమంది పిల్లల గోల. జీపు ఏటవాలు ఎక్కింది. సగం దారిలో ఇంజను ఒక్కసారి గొంతు మార్చింది, అంతే. చప్పుడు లేదు. ట్యాంకు దాకా వెళ్లి, తిప్పుకుని కిందికి వచ్చింది.

మేస్త్రీ లోపలికి వెళ్లి కాగితాలూ కలమూ తెచ్చి, కొనేవారి పేరు దగ్గర వేలు పెట్టాడు. "చెల్లెమ్మా, ఇక్కడ నీ పేరు రాయి. ఎవరు నడిపితే వాళ్లకే అమ్ముతాను. అదీ నా పద్ధతే."

"మరి నేను?" అన్నాడు సున్నాగారు.

"ఆర్నెల్లు నేర్చుకుని రండి బావగారూ. మళ్లీ చూద్దాం."

బాగుచేసి మళ్లీ చూపించాలి. అంటే పసుపు.

ఊరు దాటాక రోడ్డు ఖాళీ అయింది. ఆయన పక్క సీట్లో, గాలికి లేచిపోతున్న జాబితాని తొడ కింద అదిమిపట్టి కూర్చున్నాడు. కాసేపటికి ధైర్యం చేసి అన్నాడు. "ఏమైతేనేం, బండి వచ్చినట్టే. మాట ప్రకారం షెడ్డు నాదే."

"బండి ఎవరిదండీ?"

ఆయన కాగితాలు గుర్తుచేసుకున్నాడు.

"నా బండి ఎక్కడ పెట్టాలో నాకు తెలుసు," అందామె. "దానికి టాపుంది, ఎండా వానా చూసిన ఒళ్లు. మిషన్లకే పాపం నీడ కావాలి."

ఎదర ఒక ఎత్తు వచ్చింది. ఆమె క్లచ్ తొక్కి, వదిలి, ఇంకోసారి తొక్కింది. చప్పుడు లేదు. ఆయన చెవి ఒగ్గి విన్నాడు, తప్పు దొరుకుతుందేమోనని. దొరకలేదు. సుద్దముక్క జేబులోనే ఉండిపోయింది.

"బాగా నడుపుతున్నావు," అన్నాడు.

జీపు కొంచెం పక్కకి వంగి, మళ్లీ దారికొచ్చింది.

"ఏంటీ? ఇంజను చప్పుడులో వినపళ్లేదు. మళ్లీ అనండి."

వినపడిందని ఆయనకి తెలుసు. అయినా గొంతు పెంచి మళ్లీ అన్నాడు. తర్వాత సీటు కింద దొర్లుతున్న టిఫిన్ డబ్బా తీసి సీటు మీద పెట్టి, ఇది ఇన్నాళ్లూ పసుపు ట్రేలో ఉండేదని గుర్తొచ్చి, దాని పక్కనే తనూ సర్దుకుని కూర్చున్నాడు.