తిన్నామని ఎత్తిన చేతులు

నిన్న మధ్యాహ్నం మనవరాలికి క్యారేజీ ఇవ్వడానికి బడికి వెళ్ళేసరికి, వాళ్ళ తరగతిలో నులిపురుగుల మాత్రలు ఇవ్వడానికి సిద్ధమవుతున్నారు. టీచరమ్మ డబ్బా చేతిలో పట్టుకుని, "అందరూ అన్నం తిన్నారా?" అని అడగడమూ, పిల్లలంతా ఒక్కసారిగా చేతులెత్తడమూ జరిగిపోయాయి. నర్సుగా పనిచేసి రిటైరైన దాన్ని, మాత్రలంటే నాకు భయమేమిటని మీరు అనుకోవచ్చు గానీ, ఆ చేతులు చూడగానే గుమ్మం పట్టుకుని నిలబడిపోయాను. ఆ భయం నిన్నటిది కాదు. నా ఈడువాళ్ళైతే నవ్వకుండా వింటారని చెబుతున్నాను.

మా ఆయన లెక్కల మాస్టారు. మన వైపు మాస్టార్లు ఆఫ్రికా బడుల్లో ఉద్యోగాలకు వెళ్తున్న రోజుల్లో ఆయనకు మలావి దేశంలో ఒక పల్లెటూరి బడిలో పని దొరికింది. పెనుగొలను అనే పల్లెలో కూలికి వెళ్ళే ఇంట్లో పుట్టి, మిషన్ ఆస్పత్రిలో నర్సు చదువు చదివి, విజయవాడ అవతల లోకం ఎరగని నేను, చిన్నపిల్ల అయిన మా అమ్మాయిని వెంటబెట్టుకుని, ఒక సీసా నిండా ఆవకాయ సర్దుకుని ఆయన వెనకే వెళ్ళాను. ఆ ఊరి పక్కన సముద్రమంత సరస్సు ఉండేది. చూడ్డానికి ఎంత బాగుండేదో, అందులో దిగిన పిల్లలకు అంత చేటు చేసేది. కంటికి కనిపించని పురుగులు చర్మంలోంచి ఒంట్లోకి చేరి, పాపం, మూత్రంలో నెత్తురు పడేది.

దానికోసం ఊరివాళ్ళూ, చర్చివాళ్ళూ, బడివాళ్ళూ కలిసి ఒక కార్యక్రమం పెట్టుకున్నారు. పిల్లలకు బడిలోనే మందు ఇవ్వడం, ఆడపిల్లలు చదువు మానకుండా చూసుకోవడం వాళ్ళ పని. దానికి తల్లుల సంఘం ఒకటి ఉండేది. ఆ సంఘం పెద్దావిడ ఇంటింటికీ తిరిగి, బతిమాలి, కసిరి, ఆడపిల్లల్ని బడికి పంపించేలా చేసింది. ఆవిడ మాట మీద నమ్మకంతోనే బడిలో సగం బెంచీలు నిండేవి. నేను నర్సునని తెలిసి నన్నూ కలుపుకున్నారు.

మందు ఇచ్చే రోజు గీతలు గీసిన కర్ర ఒకటి నిలబెట్టి, పిల్ల తల ఏ గీతకు వస్తే దాన్నిబట్టి మాత్రలు ఇచ్చేవాళ్ళం. ఆ మాత్రలు ఖాళీ కడుపున వేసుకుంటే తిప్పేస్తుంది. అందుకని అక్కడి టీచరమ్మ చేత అందరూ తిన్నారా అని అడిగించాను. అందరూ చేతులెత్తారు. ఆ బడిలోనే చదువుతున్న మా అమ్మాయి కూడా వరసలో నిలబడి వేసుకుంది.

కాసేపటికి ఒకరి తర్వాత ఒకరు వాంతులు మొదలుపెట్టారు. పెద్దావిడ మనవరాలైతే నిలబడ్డచోటే కూలిపోయి, ఎంత పిలిచినా కళ్ళు తెరవలేదు. ఆ వార్త ఎలా పాకిందో గానీ, మొక్కజొన్న చేలల్లోంచి తల్లులు పారలు చేతపట్టుకునే పరిగెత్తుకొచ్చారు. మా ఆయన ఆ పూట పట్నం వెళ్ళారు. పరాయి దేశంలో, భాష రాని చోట, అంతమంది నన్ను చుట్టుముడితే, నిజం చెబుతున్నాను, నాకు ప్రార్థన కూడా గుర్తుకు రాలేదు. ఆ పిల్ల చచ్చిపోతుందనుకున్నాను. మమ్మల్నీ బతకనివ్వరనుకున్నాను.

పెద్దావిడ మనవరాలి తల ఒళ్ళో పెట్టుకుని, టీచరమ్మ ద్వారా నన్ను ఒక్కటే అడిగింది. "నీ బిడ్డకూ ఇవే వేశావా?"

"ఇవే వేశానండీ."

"మరి నీ బిడ్డకు ఏమీ కాలేదేం?"

నీ బిడ్డకు తక్కువ వేశావు, మేం చూశామని వెనకనుంచి ఎవరో అరుస్తున్నారని టీచరమ్మ చెప్పింది. అది పొట్టిది కాబట్టి తక్కువ వేశానని ఆ గోలలో ఎవరికి చెప్పను? మా అమ్మాయి నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని వణికిపోతోంది. తల దించుకుంటే నేల కనిపించింది. పిల్లలు కక్కినదంతా ఉత్త నీళ్ళు. మెతుకన్నది లేదు.

అప్పుడు మా అమ్మ గుర్తొచ్చింది. ఎవరింటికైనా వెళ్ళినప్పుడు తిన్నావా అని అడిగితే, కడుపు కాలుతున్నా సరే, తిన్నాననే చెప్పాలని, లేకపోతే మన ఇంటి పరువు పోతుందని నేర్పిన అమ్మ. ఆ ఊళ్ళోనూ అమ్మలు అదే నేర్పి ఉంటారు. పైగా అవి కోతలకు ముందు రోజులు, గాదెలు ఖాళీ అయ్యే కాలం. మా పాప ఒక్కతే పొద్దున్న అన్నం తిని వచ్చింది.

పిల్ల పొద్దున్న ఏం తిందని అడిగాను. పెద్దావిడ అంతమందిలో, అందరికీ వినపడేట్టు చెప్పింది. "నిన్నటి నుంచి నా ఇంట్లో పొయ్యి వెలగలేదు."

ఆవిడే ఆ మాట అన్నాక ఇంకొక తల్లి నోరు విప్పింది, తర్వాత మరొకతె. గుంపు మెత్తబడింది. పంచదార నీళ్ళు కలిపి చుక్కచుక్కగా తాగించాం. మా ఇంట్లోని పిండీ, వాళ్ళ అడుగుబొడుగు పిండీ కలిపి జావ కాచారు. పొద్దు వాలేసరికి ఆ పిల్ల కళ్ళు తెరిచింది. ఆ తర్వాత ఆ బడిలో తిన్నారా అని అడగడమే మానేశారు. ముందు అందరికీ జావ పోసేవాళ్ళు, అందరూ తాగాకనే మాత్రలు. ఆడపిల్లలు ఒక్కరూ బడి మానలేదు.

నిన్న పొద్దున్న మా అమ్మాయి ఆఫీసు నుంచి ఫోన్ చేసి, "అమ్మా, ఎక్కడో ఈ మాత్రలు వేసుకుని పిల్లలు పడిపోయారంట, వాట్సాప్ గ్రూపులో మెసేజీ వచ్చింది, మన దానికి వేయించొద్దు" అంది. ఆనాడు నా కుచ్చిళ్ళు పట్టుకుని వణికిన పిల్లే ఇది. అప్పుడు భయపడ్డ తల్లులు నా ఎదురుగా నిలబడి, నా కళ్ళలోకి చూసి అడిగారు. నేనూ వాళ్ళను అడగగలిగాను. ఈ మెసేజీ పంపిందెవరో మా అమ్మాయికీ తెలియదు, ఎవరికి బదులు చెప్పాలో నాకూ తెలియదు. తిండికి కరువు లేని రోజులు వచ్చాయి గదా, ఇక్కడ అలాంటిది జరగదులే అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ, గుమ్మంలోంచి తరగతి గదిలోకి చూశాను.

కిటికీ పక్క బెంచీలో నా మనవరాలు కూడా అందరితోపాటు చెయ్యెత్తి కూర్చుంది.

"ఒక్క నిమిషం ఆగండి టీచర్ గారూ" అని గట్టిగా అరిచాను. దాని క్యారేజీ, మూత కూడా తీయకుండా, ఇంకా నా చేతిలోనే ఉంది.