పదకొండు పేజీల కదలిక

డాక్టర్ చంద్రకాంత్ దృష్టిలో లోకంలో ఉన్నవి రెండే: కదలిక, రక్తం. ఎవరేం చెప్పినా అందులోంచి మొదటిదాన్ని తీసేసి, రెండోదాన్ని మాత్రమే స్వీకరిస్తారు.

పోతిరెడ్డిపల్లిలో ఆయన స్కానింగ్ సెంటర్‌కు పై అంతస్తే నా న్యాయవాద కార్యాలయం. కనుక ఈ అలవాటుకు నేను ప్రత్యక్ష సాక్షిని. అతి సన్నని నాళాల్లో రక్తానిది చీమ నడక. చుట్టూ ఉన్న మాంసమేమో ఊపిరి పీల్చినా అంతకు పదింతలు కదులుతుంది. ఆ పెద్ద కదలికను కొలిచి బొమ్మలోంచి తీసేస్తే, మిగిలేదే రక్తం. ఇందుకోసం ఆయన రెండేళ్లుగా ఒక కంప్యూటర్ ప్రోగ్రాం రాసుకుంటున్నారు. దురదృష్టవశాత్తు అది కంప్యూటర్‌లోనే ఆగలేదు.

ఒకనాడు ఆయన భార్య శ్రీలత, పెళ్లినాటి సంగతులతో మొదలుపెట్టి, ఏకబిగిన పావుగంట తిట్టారు. ఆయన కళ్లు మూసుకుని విన్నారు.

"గింతసేపు జెప్పిన. ఏం సమజైంది?"

"ఉప్పు అయిపోయింది."

నిజంగానే ఉప్పు అయిపోయింది. ఆమె కోపం రెట్టింపైంది.

బస్సులో పేపరు చదివేటప్పుడు ఆయన బస్సు ఎగిరినంత మేరా పేపరునూ ఎగరేస్తారు, అక్షరాలు నిలకడగా కనిపించాలని. ఒకసారి పటాన్‌చెరు దాకా ఓర్చుకున్న పక్కసీటు పెద్దమనిషి చివరికి, "సారూ, బస్సుకు బ్రేకున్నది. నీ పేపరుకు లేదా?" అన్నాడు.

మొన్న ముత్యమ్మ నా దగ్గరికి వచ్చింది. గడ్డపోతారంలో మాత్రలు ప్యాక్ చేసే పని ఆమెది. యంత్రంలో తెగిన వేలిని కుట్టి అతికించారు. దానికి రక్తం అందుతోందో లేదో తేలాలి. చేతులకు చిన్ననాటి నుంచీ వణుకు కావడంతో రెండుచోట్ల స్కాన్ మసకబారింది. రెండు రిపోర్టుల్లోనూ ఒకే మాట: "రోగి సహకరించలేదు." రేపటికి రక్తం కనబడకపోతే వేలు తీసేస్తామన్నాడు సర్జన్.

నేను మండిపడి ఆ రెండు సెంటర్లకూ పదకొండు పేజీల నోటీసు రాసి డాక్టరుగారి ముందు పెట్టాను. ఆయన కలం తీసి ఒక్కో మాటా కొట్టేయసాగారు.

"'అమానుషం.' కదలిక. 'రాజ్యాంగ విలువలు.' కదలిక. 'కఠిన చర్యలు.' ఇదంత కదలికనే."

చివరికి ఒకే వాక్యం మిగిలింది: "ఆమె చెయ్యి వణుకుతుంది."

"ఇది రక్తం, లాయరమ్మా. జల్దీ ఆమెను కిందికి తీస్కరా."

బల్ల మీద చెయ్యి పెట్టగానే ముత్యమ్మ ముందే తప్పు ఒప్పుకుంది. "ఆగమంటరు సారూ. ఆగుతలేదు."

"ఆగకమ్మా. నీ చెయ్యి ఎటు వోతే నా లెక్క గటే వస్తది. ఏదన్న ముచ్చట జెప్పు."

ఆమె తన మేక పక్కింటివాళ్ల కరెంటు బిల్లు తిన్న కథ చెప్పింది. నవ్వుకు చెయ్యి ఇంకా ఊగింది. తెరమీద ముందు బూడిదరంగు మంచు. ప్రోగ్రాం ఒక్కొక్క బొమ్మనూ పట్టుకొచ్చి స్వస్థానంలో కూర్చోబెడుతుంటే, గోటి దాకా ఎర్రని దారం ఒకటి తేలింది.

"గదేంది సారూ?"

"నీ రక్తమే. దాని తొవ్వన అది నడుస్తనే ఉన్నది. మాకే కానరాలె."

ఫోన్‌లో పంపిన బొమ్మలు చూసి సర్జన్ అప్పుడే ఆపరేషన్ రద్దు చేశాడు. రిపోర్టు చివర చంద్రకాంత్ గారు ఇలా రాశారు: "రోగి పూర్తిగా సహకరించారు. ఇన్నాళ్లూ సహకరించనిది యంత్రమే."

న్యాయశాస్త్రం చదివినదాన్ని, ఊరుకోలేకపోయాను. "డాక్టరన్నా, రెండో వాక్యం కదలిక కదా?"

ఆయన కలం ఎత్తారు, రిపోర్టు కోసం కూర్చున్న ముత్యమ్మ వైపు చూశారు, మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

"కదలికనే," అన్నారు. "గదొక్కటి ఉండనీ."