మంచులో బతికిన పొడి

చిలకలగూడలో మేమున్న ఇంటికి రెండు వాటాలు. ముందు వాటాలో గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ టీచరమ్మగారు, వెనక వాటాలో నేను. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేవాణ్ణి. ఎవరైనా దేవుడి మాటెత్తితే ఊరుకునేవాణ్ణి కాదు.

ఆవిడ ఒక్కగానొక్క కొడుకు సైన్యంలో, హిమాలయాల మీద కాపలా. ఒకసారి సెలవుకొస్తూ నాకోసం అగ్గిపెట్టెలో ఎండు పుల్ల తెచ్చాడు. కరిగే మంచు అంచున దొరికిందట. దానిమీద ఆవగింజకన్నా చిన్న నీలి పూసలు. జిగురు బూజు అనే జీవి అది. తాకితే నల్లటి పొడి రాలింది. ఆ పొడే దాని సిద్ధబీజాలు, విత్తనాల్లాంటివి. గడ్డకట్టే చలినీ, పలచని గాలినీ, మాడ్చే ఎండనీ ఓర్చుకుని నెలల తరబడి పడుంటాయి.

బుధవారాలు ఆవిడింట్లో ప్రార్థన కూడిక. ఆ వారం పాస్టరుగారు పునరుత్థానం గురించి చెబుతుంటే మైక్రోస్కోపు పట్టుకెళ్లాను. మూడు రోజులు తడిలో ఉంచిన ఆ పొడిని దానికింద పెట్టాను. బీజాలు పగిలి, నీటిబొట్టులో ప్రాణులు ఈదుతున్నాయి.

"చూశారా? చచ్చాయనుకున్నవి లేచాయి. దేవుడక్కర్లేదు, తడి తగిలితే చాలు!" అన్నాను.

పాస్టరుగారు నవ్వారు. టీచరమ్మగారు మాత్రం మైక్రోస్కోపు మీంచి చాలాసేపు కన్ను తీయలేదు.

ఆ చలికాలమే తంతి వచ్చింది. కొడుకు మంచుచరియ కింద కూరుకుపోయాడు. శవం దొరకలేదు. ఆవిడ జ్ఞాపకార్థ కూడిక పెట్టనివ్వలేదు, వేసవి దాకా ఆగమంది. కొడుకు పరుపు రోజూ ఎండలో వేసేది.

ఇంటి యజమాని నన్ను గుమ్మంలోనే పట్టుకున్నాడు. "ఏంది సారూ, మంచు కరిగితే కొడుకు లేస్తడంటుంది పెద్దమ్మ. పాస్టరు చెప్పిండా అంటే, కాదు, ఎనక వాటా సారు చూపించిండంటుంది. దేవుడు లేడని తిరిగేటోళ్లు, మీరు సుత గిదేం షురూ చేసిన్రు?"

మూఢనమ్మకాలు పూజారులూ పాస్టర్లూ పుట్టిస్తారని సభల్లో ఉరిమేవాణ్ణి. దీన్ని పుట్టించింది నేను.

ఆవిడ దగ్గరికెళ్లాను. "టీచరమ్మగారూ, ఆ పొడి ఎండిపోయి బతుకుతుంది. మనిషి ఒళ్లంతా నీరే. గడ్డకడితే అయిపోయినట్టే. ఇక లేవడం ఉండదు. ఆరోజు వాదన నెగ్గాలని అలా అన్నాను."

పరుపు దులుపుతున్న చెయ్యి ఆగింది. "అయితే మా వాడికి ప్రాణం పోవడానికి ఎంతసేపు పట్టుంటుంది బాబూ?"

"తెలీదండీ."

"క్షణంలోనే అనకూడదూ?" అంది.

ఆదివారం జ్ఞాపకార్థ కూడిక జరిగింది. పాటలు నా వాటాలోకి వినిపించాయి. నన్నెవరూ పిలవలేదు.