లేదని చెప్పించే ప్రశ్న

మనసు గురించి నేను చదివిందంతా మా టాటానగర్‌లో, బిష్టుపూర్‌లోని లైబ్రరీలోనే. డిగ్రీ లేదు. అయినా అక్కడ పరిచయమైన ఒక డాక్టరుగారు, కొత్త కౌన్సిలర్లకు శిక్షణ ఇస్తూ, రోగి వేషానికి నన్ను పిలిచారు. ఆత్మహత్య ఆలోచనలున్న మనిషిని గుర్తుపట్టడం, కాపాడడం నేర్పే శిక్షణ అది. రోగిని ఇంటి భాషలో అడగడం రావాలని ఆయన పట్టు. నా వేషం కాంట్రాక్టు పని పోయిన తెలుగు మనిషిది. సూటిగా అడిగితేనే నిజం చెప్పాలి, లేకపోతే దాచాలి. చదివిన లక్షణాలన్నీ పోగేసి ఆ మనిషిని శ్రద్ధగా తయారు చేసుకున్నాను.

నా ఎదుట కూర్చున్న అమ్మాయి మా ఊళ్లోనే మాంగో అనే పేటలో పెరిగిన తెలుగుపిల్ల. నిద్ర గురించి, తిండి గురించి బాగానే అడిగింది. అసలు చోటికి వచ్చేసరికి గొంతు తగ్గించి, "పిచ్చి ఆలోచనలేవీ నేవు గదా?" అంది.

"నేవమ్మా," అన్నాను. లేవు అనే ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో. నాలోంచి వేరెవరో అన్నట్టు వచ్చింది.

డాక్టరుగారు ఆపారు. "ఈ రోగి ఇంటికెళ్లిపోయాడు. నువ్వే పంపించావు," అన్నారు. లేదు అనిపించుకోడానికే అడిగావనీ, సూటిగా అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదనీ, దాచుకున్నవాడికి ఊపిరాడుతుందనీ వివరించారు. ఈ సంగతి నేను ముందే చదివాను. చదివినప్పుడు అది నా సంగతి అనిపించలేదు.

ఇంట్లో చావు మాట ఎత్తితే తథాస్తు దేవతలుంటారని నానమ్మ నోటి మీద కొట్టేదట ఆ అమ్మాయిని. హిందీలో అయితే అడగగలనంది.

టీ తాగేటప్పుడు వరండాలో నా పక్కకు వచ్చి నిలబడింది. వాళ్ల నాన్న టాటానగర్ రైల్వేలో రిటైరయ్యాడు. భార్య పోయాక బయటికి రావడం మానేశాడు. ప్రాణంలా పెంచిన పావురాలను పోయిన వారం పక్కింటివాళ్లకు ఇచ్చేశాడు. భయమేసి ఆమె ఇదే ప్రశ్న, ఇలాగే అడిగిందట.

"మా నాన్న కూడా అచ్చం మీలాగే 'నేవమ్మా' అన్నాడు అంకుల్. అదే గొంతు."

ఆ గొంతును నేను ఏ పుస్తకంలోంచీ తెచ్చుకోలేదు. ఎక్కడిదో ఇప్పటికీ తెలియదు. కొన్ని సాయంత్రాలు గదిలో ఒక్కడినే ఉన్నప్పుడు వినిపిస్తుంది.

డాక్టరుగారితో చెప్పాం. వెంటనే వెళ్లి అడగమన్నారు, ఆ ఆలోచన ఉందంటే ఒంటరిగా వదలకుండా ఆసుపత్రికి తీసుకురమ్మన్నారు. ఆమె నన్ను తోడు రమ్మంది. ఆటోలో దారంతా ఆ ప్రశ్ననే పెదవులు కదుపుతూ అనుకుంటూనే ఉంది.

ఆయన గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "ఏటే, బేగొచ్చీసినావు?" అన్నాడు. ఆమె చెప్పులైనా విప్పకుండా పక్కనే నేల మీద కూర్చుంది.

"నాన్నా, సచ్చిపోవాలనిపిత్తందా నీకు?"

ఆయన నా వైపు చూశాడు. వీధి వైపు చూశాడు. "నీకెవులు సెప్పినారు?" అన్నాడు.

"ఎవులూ సెప్పనేదు. అడుగుతన్నాను."

"అనిపిత్తందమ్మా."

ఆమె ఏడవలేదు. చెయ్యి పట్టుకుని, ఎప్పటినుంచి అని అడిగింది. ఆయన చెప్పిందంతా వింది. ఇప్పుడే డాక్టరు దగ్గరికి వెళదామంది. ఆయన కాదనలేదు. చొక్కా మార్చుకోడానికి లేచి గదిలోకి నడిచాడు. వెనకాలే ఆమె కూడా నడిచింది.

"సొక్కా మార్సుకోడానికీ కాపలాయేటే?"

"అవును," అంది ఆమె, తలుపు తెరిచే ఉంచి.