అరగంట రెస్టు, ఇంటినిండా చుట్టాలు

ఆ మేడమ్ మంచి మనిషే, ఆవిడ మీద నాకు కోపం లేదు. మా వాడికి ఎనిమిదేళ్లు, మాటలు రావు. వారానికి రెండు రోజులు చీపురుపల్లిలో రైలెక్కించి విజయనగరం తీసుకెళ్తాను, మాటలు నేర్పే సెంటరుకి. ఒకరోజు క్లాసు అయ్యాక మేడమ్ నన్ను కూర్చోబెట్టి, "మీరు బాగా అలిసిపోతున్నారమ్మా. రోజుకో అరగంట మీకోసం ఉంచుకోండి. ఆ కాస్సేపు బాబుని ఎవరికైనా అప్పజెప్పండి" అంది. ఎవరికైనా అట! ఆ ఎవరైనా అనే మనిషి మా ఇంట్లో ఎక్కడున్నాడో చెప్తే, కాళ్లు కడిగి మరీ తీసుకొచ్చి కూర్చోబెట్టేదాన్ని.

అయినా తలూపాను. ఎందుకంటే ఆ ముందు వారమే వాణ్ణి కొట్టాను. మేడమ్‌కి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. తాగే నీళ్ల బిందెలో సబ్బుపొడి పోశాడు. ఆ వారంలో అది మూడోసారి. చెంప మీద నా వేళ్లు నాలుగూ తేలాయి. వాడు ఏడవలేదు, బిత్తరపోయి నాకేసి చూశాడు. సాయంత్రందాకా ఆ ఎరుపు పోలేదు. మా ఆయన అడిగితే దోమ కుట్టిందన్నాను. ఆయన నమ్మాడు కూడా. వరసకట్టి కుట్టే దోమలు మా ఊళ్లోనే ఉంటాయి కాబోలు. అప్పట్నుంచీ నాకు ఒకటే భయం, మళ్లీ కొడతానేమోనని. అందుకే ఆ అరగంట నాకు కావాలి. పడుకోడానికీ, టీవీ చూడ్డానికీ కాదు.

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన మొక్కజొన్న చేనుకి వెళ్లే హడావుడిలో ఉన్నాడు. "అరగంటే గదేటి, తీస్కో" అనేసి వెళ్లిపోయాడు, అరగంటలన్నీ అటక మీద మూటకట్టి పెట్టినట్టు. మా అత్త మాత్రం గాభరా పడింది.

"రెస్టు తీసుకోమందేటి డాక్టరమ్మ? ఏటైనాదే నీకు?"

"ఏటీ అవ్వలేదత్తా. సాయంత్రం నాలుగింటికి ఓ అరగంట గుంటణ్ణి సూడు, సాలు."

సరేనంది. సరేనని, వెంటనే ఫోను పట్టుకుంది.

గంటలో పాతపట్నంలో ఉన్న మా ఆడపడుచుకి కబురు చేరింది, నాకు ఒంట్లో బాగోలేదని. అక్కణ్ణుంచి గజపతినగరంలో మా చిన్నత్తకి చేరేసరికి అది గుండెజబ్బయింది. ఆవిడ తన వియ్యపురాలికి చెప్పేటప్పటికి ఆపరేషన్ కూడా పడింది. నాకు తప్ప అందరికీ నా జబ్బు తెలుసు.

మర్నాడు సరిగ్గా నాలుగింటికి పెరట్లో మంచం వేసుకుని నడుం వాల్చానో లేదో, గుమ్మం ముందు ఆటో ఆగింది. ఆడపడుచు, చిన్నత్త, ఆవిడ వియ్యపురాలు. చేతుల్లో బత్తాయిలు, బ్రెడ్డు, కొబ్బరిబొండాలు. "ఓలమ్మా, సగమైపోనావే!" అంది చిన్నత్త. పోయిన నెలలో ఓ పెళ్లిలో కనబడి, ఒళ్లు చేశానని నలుగురిలో అన్న మనిషి ఈవిడే. టీ పెట్టమని ఎవరూ అనలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. "నువ్వు మంచం మీంచి నెగవకే" అంటూనే, "నాకు పంచదార ఎయ్యకు, సుగరున్నాది" అని వంటింటిదాకా వినబడేలా అన్నారు. ఆ రోజూ అంతే, మర్నాడు మరో ఆటోలో దిగిన మరో జట్టుతోనూ అంతే. నాకు జబ్బు లేదు మొర్రో అంటే, "పైకి సెప్పుకోదు పాపం" అని నా ముందే ఒకళ్లకొకళ్లు చెప్పుకున్నారు.

నా సంగతి సరే. మా వాడికి కొత్త గొంతులు పడవు. నలుగురు ఒకేసారి మాట్లాడితే చెవులు మూసుకుంటాడు, మరీ ఎక్కువైతే మణికట్టు కొరుక్కుంటాడు. ఈ ఎనిమిదేళ్లలో వాడికి జ్వరమొచ్చినా, ఫిట్సొచ్చినా ఒక్కరంటే ఒక్కరు ఓ బత్తాయి పట్టుకుని మా గుమ్మం ఎక్కలేదు. నాకు లేని జబ్బుకి మాత్రం ఆటోలు కట్టించుకుని వచ్చారు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

మూడోరోజు చిన్నత్త మళ్లీ దిగి, అననే అంది. "ఈ గుంటడి దిగులే దాన్ని తినేస్తన్నాది. ఎక్కడో ఓ హాస్టల్లో ఏసీరాదేటి?"

వాడు గోడ మూల కూర్చుని మణికట్టు కొరుక్కుంటున్నాడు. చేతిలో టీ గ్లాసుల పళ్లెంతోనే వంగి వాడి చెయ్యి లాగబోయాను. వాడు కాలు విసిరాడు. పళ్లెం ఎగిరి వేడి టీ అంతా నా పాదాల మీద పడింది. నా చెయ్యి లేచింది. వాడు కళ్లు గట్టిగా మూసుకుని, తల భుజాల్లోకి లాక్కున్నాడు. మూడేళ్లుగా రైళ్లెక్కించి తిప్పుతున్నా ఒక్క మాట నేర్పలేకపోయాను. ఇది మాత్రం ఒక్క దెబ్బతో నేర్పేశాను.

చెయ్యి దించేశాను. "నాకు జబ్బు లేదు! పిల్లాణ్ణి కొట్టాను. ఇప్పుడూ కొట్టబోయాను. కొట్టకుండా ఉండడానికే అరగంట అడిగాను. మీరందరూ ఎల్లండి!" అని అరిచాను. అంత గొంతు నాకుందని నాకే తెలీదు. చుట్టాల్ని పొమ్మన్న కోడలు ఆ వంశంలో నేనే మొదటిదాన్నట, తర్వాత ఎవరో చెప్పారు.

ఆటో వెళ్లిపోయాక మా అత్త గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. తిట్లకి సిద్ధంగా ఉన్నాను. ఆవిడ నావైపు చూడకుండా, "నానూ కొట్టినానే" అంది.

నాకు అర్థం కాలేదు.

"నువ్వు సంతకెల్లినప్పుడు. రెండుసార్లు. ఒక్కదాన్నీ సూడమంటే నాకు బయమేసినాది. నలుగురుంటే నా సెయ్యి లెగదని, నీకు బాగోనేదని సెప్పి ఆళ్లని రప్పించినాను."

పట్టరాని కోపం వచ్చింది. నా పిల్లాడి మీద చెయ్యి ఎలా వేశావని అడగడానికి నోరు తెరిచాను. ఏ మొహం పెట్టుకుని అడగను? గుడ్డ తెచ్చి నేల తుడవడం మొదలుపెట్టాను. ఆవిడ వచ్చి గాజుపెంకులు ఏరింది. తర్వాత ఇద్దరం చెరో పక్కన కూర్చుని వాణ్ణి పిలిచాం, ముందు నేను, తర్వాత ఆవిడ. వాడు మా ఇద్దరిలో ఎవరి దగ్గరికీ రాలేదు.